సుస్థిర అభివృద్ధి లక్ష్యాలను ఎక్కడ పట్టుకుని చదవాలి?

ముందు మీ ప్రశ్నను ఒకసారి చెప్పుకుందాం. మీరు ఒక స్వచ్ఛంద సంస్థలో కొత్తగా చేరారు. అక్కడ తయారయ్యే ప్రతి నివేదిక చివర ఐక్యరాజ్యసమితి సుస్థిర అభివృద్ధి లక్ష్యాలకు గుర్తులైన పదిహేడు రంగుల చదరాల్లోంచి నాలుగైదు తీసి అతికిస్తున్నారు. మీరు అడిగినవి మూడు. వీటివల్ల నిజంగా ప్రయోజనం ఉందా? మనుషుల పేదరికం పోవాలంటే ప్రకృతికి కొంత నష్టం తప్పదు కదా, మరి రెండూ ఒకే జాబితాలో ఎలా ఇముడుతాయి? 2030 నాటికి ఇవి నెరవేరవని అందరూ అంటుంటే ఇంకా ఎందుకు పట్టుకోవాలి?

నేను ఇరవై ఏళ్లుగా తాగునీరు, పారిశుధ్యం, సాగు ప్రాజెక్టులు పూర్తయ్యాక అక్కడికి వెళ్లి, అవి ఎవరికి ఏం చేశాయో చూసి చెప్పే పనిలో ఉన్నాను. ఈ లక్ష్యాలు రాకముందూ అదే పని, వచ్చాకా అదే పని. అందుకే మీ ప్రశ్నకు కాస్త వివరంగా జవాబు రాయాలనిపించింది.

ప్రయోజనం ఉంది. కానీ చదరాల దగ్గరే ఆగిపోతే ఏమీ కనిపించదు. ఈ ఏర్పాటుకు మూడు అంతస్తులు ఉన్నాయి. పై అంతస్తులో 17 లక్ష్యాలు. 2015 సెప్టెంబరు 25న 193 దేశాలు వీటిని ఆమోదించాయి, 2016 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటి కింద 169 టార్గెట్లు, అంటే ఒక్కో లక్ష్యం కింద ఏ పని ఎంతవరకు జరగాలో చెప్పే వాక్యాలు. ఆ టార్గెట్ల కింద 230కి పైగా సూచికలు, అంటే కొలబద్దలు. పై అంతస్తులో ఉన్న మాటలతో ఎవరికీ పేచీ ఉండదు. ఆకలి ఉండకూడదు, అందరికీ మంచినీళ్లు రావాలి, వీటిని కాదనేవాళ్లు ఎవరు? అసలు విషయమంతా కింది అంతస్తులో ఉంది. ఏది లెక్కలోకి వస్తుంది, ఏది రాదు అన్నది అక్కడే తేలుతుంది. ఏ ప్రాజెక్టు చూసినా నేను మొదట తెరిచేది సూచికల పేజీనే.

అది ఎంత పెద్ద తేడా తెస్తుందో నీళ్ల ఉదాహరణతో చెబుతాను. దీనికి కాస్త ఎక్కువ సమయం తీసుకుంటాను, ఎందుకంటే ఇది అర్థమైతే మిగతాది సులువు.

బంగ్లాదేశ్‌లో ఒకప్పుడు పల్లె జనం చెరువులు, కుంటల నీళ్లు తాగేవారు. ఆ నీళ్లతో విరేచనాలు, కలరా వచ్చి పిల్లలు చనిపోయేవారు. దాన్ని ఆపాలని 1970ల నుంచి అంతర్జాతీయ సంస్థల సాయంతో లక్షల సంఖ్యలో చేతిపంపు బోర్లు వేశారు. ఉద్దేశం మంచిది, పని కూడా బాగానే జరిగింది. పల్లెల్లో దాదాపు అందరూ బోరు నీళ్లకు మారారు. ఆ నీళ్లలో ఆర్సెనిక్ అనే విషపదార్థం ఉందని 1993లో తేలింది. ఆర్సెనిక్‌కు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. ఏళ్ల తరబడి తాగాక చర్మం మీద మచ్చలు, అరచేతులు గట్టిపడటం, ఆ తర్వాత క్యాన్సర్లు. 3.5 కోట్ల నుంచి 7.7 కోట్ల మంది వరకు ఆ ముప్పులో ఉన్నారని 2000లో అంచనా వేశారు. ఒక జనాభా మొత్తం మీద ఇంత పెద్ద ఎత్తున విషప్రభావం పడటం చరిత్రలో ఇంతకుముందు లేదని ఆ పరిశోధకులు రాశారు. తర్వాత బోర్లను పరీక్షించి, ఆర్సెనిక్ ఎక్కువ ఉన్న పంపులకు ఎరుపు రంగు, తక్కువ ఉన్నవాటికి ఆకుపచ్చ రంగు వేశారు. మీ ఇంటి ముందున్న పంపుకి ఎరుపు పడి, పక్కింటివాళ్ల పెరట్లో పంపుకి ఆకుపచ్చ పడిందనుకోండి. ఇక నుంచి రోజూ బిందె పట్టుకుని వాళ్ల గడప తొక్కాలి. అలా వెళ్లాల్సింది ఎక్కువగా ఆడవాళ్లే. రంగు వేసినంత మాత్రాన సమస్య తీరలేదు.

ఇప్పుడు లెక్కల దగ్గరికి వద్దాం. ఈ లక్ష్యాలకు ముందు 2000 నుంచి 2015 వరకు సహస్రాబ్ది అభివృద్ధి లక్ష్యాలని ఎనిమిది ఉండేవి. తాగునీటి విషయంలో వాటి కొలబద్ద ఏమిటంటే, మెరుగైన వనరు. కుళాయి, బోరు, గట్టు కట్టిన బావి, వీటిలో ఏది ఉన్నా సరే, నీళ్లు అందినట్టే లెక్క. అందులో ఏం కలిసి ఉందో ఎవరూ అడగలేదు. ఆ లెక్క ప్రకారం తాగునీటి టార్గెట్‌ను ప్రపంచం 2010లోనే, ఐదేళ్ల ముందే అందుకుంది. 2015 నాటికి మెరుగైన వనరు లేనివాళ్లు 66.3 కోట్ల మంది అని తేలింది.

కొత్త లక్ష్యాల్లో ఆరోది నీళ్ల గురించి. దాని కింద మొదటిదైన 6.1 టార్గెట్ తాగునీటిది, అక్కడ కొలబద్ద మారింది. నీళ్లు ఇంటి ఆవరణలో ఉండాలి, కావలసినప్పుడు రావాలి, వాటిలో మలం తాలూకు సూక్ష్మజీవులు ఉండకూడదు, ఆర్సెనిక్, ఫ్లోరైడ్ లాంటివి పరిమితి దాటకూడదు. ఈ కొత్త కొలబద్దతో అదే 2015 సంవత్సరాన్ని మళ్లీ లెక్కిస్తే సురక్షితమైన నీళ్లు లేనివాళ్లు 210 కోట్ల మంది అని వచ్చింది. ఒకే ఏడాది, ఒకే ప్రపంచం. ఒక కొలబద్దతో 66 కోట్లు, ఇంకో కొలబద్దతో 210 కోట్లు. ఆ మధ్యలో ఉన్న 140 కోట్లకు పైగా మనుషులు పాత లెక్కలో సమస్య తీరిపోయినవాళ్లు. కొత్త లెక్కలో మళ్లీ కనిపించారు. నాకు ఈ లక్ష్యాల మీద గౌరవం కలిగింది ఇక్కడే. కాబట్టి మీ నివేదికలో ఆరో నంబరు నీలం చదరం అతికించేటప్పుడు ఒకటి అడగండి. మనం బోర్లు లెక్కపెట్టామా, నీళ్లను పరీక్షించామా?

ఇక మీ రెండో ప్రశ్న. మనుషులా, ప్రకృతా? ఇది చాలా పాత వాదం. 1972 జూన్‌లో స్టాక్‌హోంలో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సదస్సు జరిగినప్పుడే ఇది బయటికి వచ్చింది. అప్పటికే ధనికమైన దేశాలు పొగ, మురుగు గురించి మాట్లాడితే, పేద దేశాలు ముందు మా కడుపు సంగతి చూడండి అన్నాయి. పేదరికం, లేమి కన్నా పెద్ద కాలుష్య కారకాలు ఉన్నాయా అని ఇందిరా గాంధీ ఆ వేదిక మీద అడిగారు. ఆ పేచీకి దారి వెతకడానికే 1983లో నార్వేకు చెందిన గ్రో హార్లెం బ్రంట్‌లాండ్ అధ్యక్షతన ఒక కమిషన్ వేశారు. సుస్థిర అభివృద్ధికి 1987లో వాళ్లు ఇచ్చిన నిర్వచనాన్నే ఇవాళ్టికీ అందరం చెప్పుకుంటున్నాం. ఇప్పటి తరం అవసరాలు తీరాలి, రాబోయే తరాలు తమ అవసరాలు తీర్చుకునే శక్తి చెడకూడదు.

చాలామంది అక్కడితో ఆపేస్తారు. ఆ నిర్వచనానికి వెంటనే ఇంకో వాక్యం ఉంది. ఇందులో రెండు భావనలు ఉన్నాయని కమిషన్ స్పష్టంగా రాసింది. ఒకటి అవసరాలు. అందులోనూ ప్రపంచంలోని పేదల కనీస అవసరాలకే మొదటి పీట. రెండోది హద్దులు. అవసరాలు తీర్చడానికి ప్రకృతికి ఉన్న శక్తి మీద, మన సాంకేతికత, సమాజ వ్యవస్థ పెట్టే హద్దులు. అంటే పేదవాడి పొయ్యికి, ధనికుడి మూడో కారుకు ఆ నిర్వచనంలో ఒకే విలువ లేదు. సుస్థిరత పేరుతో పేదల్ని అడవిలోంచి, తీరంలోంచి ఖాళీ చేయించే పథకాలు కనిపించినప్పుడల్లా నాకు ఈ రెండో వాక్యమే గుర్తొస్తుంది.

ప్రకృతి నష్టపోతే పోనీ, మనుషులు బాగుపడతారు అనే లెక్క చరిత్రలో చాలాసార్లు తప్పింది. మధ్య ఆసియాలోని ఆరల్ సముద్రం సంగతి చూడండి. 1960 నాటికి అది ప్రపంచంలో నాలుగో అతిపెద్ద సరస్సు. దానిలోకి వచ్చే అము దర్యా, సిర్ దర్యా నదుల నీళ్లను సోవియట్ ప్రభుత్వం పత్తి పొలాలకు మళ్లించింది. పత్తి బాగానే పండింది. సరస్సు మాత్రం అర్ధ శతాబ్దం తిరగకముందే పదో వంతుకు కుంచించుకుపోయింది. చేపల రేవుగా బతికిన మొయినాక్ పట్టణంలో పడవలు ఇసుకలో నిలబడి తుప్పు పట్టాయి. ఎండిన అడుగు నుంచి ఉప్పు, పురుగుమందుల ధూళి లేచి ఊళ్ల మీద పడింది. ఆ ధూళి పీల్చింది మనుషులే. ఉపాధి పోయింది, ఆరోగ్యమూ పోయింది. 2005లో కజకిస్తాన్ వైపు కోకరాల్ దగ్గర ఆనకట్ట కట్టాక ఉత్తర భాగంలో నీళ్లు మళ్లీ పెరిగి చేపలు, వేట తిరిగి వచ్చాయి. దక్షిణ భాగంలో చాలావరకు ఇప్పటికీ ఎడారే.

కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో కాడ్ చేప కథ కూడా ఇలాంటిదే. దాదాపు ఐదు వందల ఏళ్లు తరగని సంపద అనుకున్నారు. పెద్ద ట్రాలర్లు వచ్చి ఊడ్చేశాక 1992 జులైలో వేట పూర్తిగా ఆపేయాల్సి వచ్చింది. సుమారు 30,000 మంది ఒక్కసారిగా పని కోల్పోయారు. రెండేళ్ల నిషేధం అనుకున్నది ముప్పై రెండేళ్లు నడిచింది. ఇక్కడ ప్రకృతి ఓడి మనుషులు గెలిచిందేమీ లేదు.

అయితే మీకు నిజమే చెప్పాలి. రెండిటికీ ఎప్పుడూ పొత్తు కుదురుతుందని కూడా అనుకోవద్దు. ఘర్షణలు నిజంగా ఉన్నాయి. లక్ష్యాల పత్రం వాటి గురించి పెద్దగా మాట్లాడదు. అన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉన్నాయి, విడదీయలేనివి అని మాత్రం అంటుంది. అది ఆ పత్రంలో నాకు నచ్చని భాగం.

నేను చూసిన ఒక ప్రాజెక్టు చెబుతాను. డీజిల్ మోటార్ల స్థానంలో సోలార్ పంపులు పెట్టారు. నివేదికలో స్వచ్ఛమైన ఇంధనం చదరం ఉంది, వాతావరణం చదరం ఉంది, రైతు ఆదాయం పెరిగింది కాబట్టి పేదరికం చదరం కూడా ఉంది. మూడూ నిజమే. రెండేళ్ల తర్వాత వెళ్లి చూస్తే భూగర్భజలం బాగా దిగిపోయింది. ఎందుకో ఆలోచిస్తే తేలికే. డీజిల్ ఉన్నప్పుడు ప్రతి గంటకూ ఖర్చు ఉండేది, రైతు అవసరమైనంతే తోడేవాడు. ఎండకు ఖర్చు లేదు, మోటారు పొద్దస్తమానం నడిచింది. ఎక్కువ నీళ్లు తాగే పంటలు వచ్చాయి. లోతు బోరు వేయించుకోగల రైతులు నిలబడ్డారు. తక్కువ లోతు బావుల మీద బతికే చిన్న రైతుల బావులు ఎండిపోయాయి. మొదట ఎవరి కోసం ప్రాజెక్టు మొదలుపెట్టారో వాళ్లే చివరికి నష్టపోయారు. నివేదిక రాసినవాళ్లు అబద్ధం ఆడలేదు. 6.4 టార్గెట్ నీటి వాడకం గురించే. ఉన్న నీళ్లలో ఎంత తోడేస్తున్నామో కొలిచే సూచిక దాని కిందే ఉంది. ఆ ఒక్క సూచిక ముందే చూసి ఉంటే, పంపుతో పాటు మీటరో, నీటి పంపకం మీద ఊరి ఒప్పందమో, మిగిలిన కరెంటును గ్రిడ్‌కు అమ్ముకునే వీలో పెట్టేవారు. ఆ ప్రాజెక్టు గురించి తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది, ఎందుకంటే మొదటి సమీక్షలో నేనూ ఆ మూడు చదరాలనే మెచ్చుకున్నాను.

అప్పటి నుంచి నేను వాడే పద్ధతి ఒకటి ఉంది. 2016లో కొందరు శాస్త్రవేత్తలు లక్ష్యాల మధ్య సంబంధాలను ఏడు మెట్లుగా చూడమన్నారు. పైన ప్లస్ మూడు, అంటే ఒకటి లేకుండా ఇంకొకటి జరగదు. మధ్యలో సున్నా, అంటే ఒకదానితో ఇంకొకదానికి సంబంధం లేదు. కింద మైనస్ మూడు, అంటే ఒకటి జరిగితే ఇంకొకటి పూర్తిగా చెడిపోతుంది. ఒక తెల్ల కాగితం మీద మీ ప్రాజెక్టు పని మధ్యలో రాసి, చుట్టూ అది తాకే టార్గెట్లు రాసి, ఒక్కోదానికి ఆ అంకె వేయండి. ఆఫీసులో కూర్చుని మీరు వేసే అంకెలకు, ఊళ్లో ఆడవాళ్లు వేసే అంకెలకు, పశువుల కాపరులు వేసే అంకెలకు పొంతన ఉండదు. ఆ తేడా వచ్చిన చోట ఆగి మాట్లాడండి. మైనస్ వచ్చిందని పని మానుకోనక్కర్లేదు. మైనస్ ఎవరి మీద పడుతుందో ముందే తెలిస్తే దానికి కాపుదల పెట్టొచ్చు.

ప్లస్ మూళ్లు కూడా ఉన్నాయి. వాటి మీద చాలామందికి పెద్దగా దృష్టి ఉండదు. వంట పొయ్యి సంగతే తీసుకోండి. ప్రపంచంలో సుమారు 210 కోట్ల మందికి ఇంకా శుభ్రమైన వంట ఇంధనం లేదు. కట్టెలు, పిడకలు, బొగ్గు. ఆ పొగతో ఊపిరితిత్తుల జబ్బులు, కట్టెల కోసం ఆడపిల్లలకు గంటల తరబడి నడక, చదువుకు గండి, అడవికి గండి. పొయ్యి ఒక్కటి మారితే ఆరోగ్యం, చదువు, ఆడవాళ్ల సమయం, అడవి నాలుగూ ఒకేసారి కదులుతాయి. అలాగే ఆహారం వృథా. 12.3 టార్గెట్ ప్రకారం దుకాణాల్లో, ఇళ్లలో ఒక్కొక్కరు వృథా చేసే ఆహారం 2030కి సగం కావాలి. 2022లో దుకాణాలు, హోటళ్లు, ఇళ్లలో కలిపి 105 కోట్ల టన్నులు వృథా అయింది. వినియోగదారుల దాకా వచ్చిన ఆహారంలో ఇది 19 శాతం. అందులో 60 శాతం ఇళ్లలో పారేసిందే. మరోవైపు 2024లో సుమారు 67 కోట్ల మంది ఆకలితో ఉన్నారు. పారేసిన అన్నం వెనుక పొలం ఉంది, నీళ్లు ఉన్నాయి, ఎరువు ఉంది, లారీ డీజిల్ ఉంది. దీన్ని తగ్గించినందువల్ల ప్రకృతికి, మనుషులకు ఎవరికీ నష్టం లేదు. అయినా ఏ నివేదికలోనూ దీనికి పెద్ద పీట ఉండదు.

మూడో ప్రశ్నకు వస్తాను. 2030కి నెరవేరుతాయా? అన్నీ నెరవేరవు. 2025లో ఐక్యరాజ్యసమితి ఇచ్చిన నివేదిక ప్రకారం, లెక్క కట్టగలిగిన టార్గెట్లలో 35 శాతం మాత్రమే సరైన దారిలోనో, ఓ మోస్తరు వేగంతోనో ఉన్నాయి. దాదాపు సగం చాలా నెమ్మదిగా నడుస్తున్నాయి. 18 శాతం 2015 కంటే వెనక్కి పోయాయి. కొన్ని టార్గెట్లకు గడువు 2020కే ముగిసింది. వాటిలో ఎక్కువ భాగం అడవులు, సముద్రాలు, జీవజాతులకు సంబంధించినవి. చాలావరకు నెరవేరలేదు. ఉదాహరణకు అతిగా చేపల వేటకు తోడ్పడే సబ్సిడీలను 2020కల్లా ఆపాలన్నది 14.6 టార్గెట్. దాని మీద ప్రపంచ వాణిజ్య సంస్థలో ఒప్పందం కుదిరింది 2022 జూన్‌లో, అమల్లోకి వచ్చింది 2025 సెప్టెంబరులో. ఆలస్యమైంది, పూర్తిగానూ లేదు. కానీ ఆ టార్గెట్ రాసి ఉండకపోతే ఆ మాత్రం కూడా వచ్చేది కాదని నా నమ్మకం.

ఎందుకు వెనకబడ్డామో చెప్పేటప్పుడు కరోనా, యుద్ధాలు, ధరలు అంటారు. అవీ ఉన్నాయి. నాకు అంతకంటే పెద్దగా కనిపించేది డబ్బు. 169 టార్గెట్లలో 62 వేరే రకానివి. వాటిలో 43 టార్గెట్లకు నంబరు పక్కన అంకె బదులు అక్షరం ఉంటుంది, మిగతా 19 పదిహేడో లక్ష్యం కిందివి. 6.1 అంటే నీళ్లు అందాలి. 6.ఎ అంటే ఆ పని చేయడానికి పేద దేశాలకు సాయం, శిక్షణ అందాలి. పని చెప్పే టార్గెట్లు 107, దానికి సాధనం చూపే టార్గెట్లు 62. పోస్టర్లలో ఈ అక్షరాల టార్గెట్లు కనిపించవు. ధనిక దేశాలు తమ జాతీయాదాయంలో 0.7 శాతం సాయంగా ఇస్తామన్న మాట 1970 నాటిది. పదిహేడో లక్ష్యంలో దాన్ని మళ్లీ రాసుకున్నారు. 2024లో ఆ దేశాల సగటు 0.33 శాతం. నార్వే, స్వీడన్, డెన్మార్క్, లక్సెంబర్గ్ లాంటి కొద్ది దేశాలే మాట నిలబెట్టుకున్నాయి. వర్ధమాన దేశాలకు ఈ లక్ష్యాల కోసం ఏటా తక్కువపడే సొమ్ము సుమారు 4 లక్షల కోట్ల డాలర్లని అంచనా. సాధనం చూపకుండా పని మాత్రం అప్పజెప్పి, అవలేదేమని అడగటం న్యాయం కాదు.

డబ్బు, గడువు, కొలబద్ద మూడూ కలిసినప్పుడు ఏం జరుగుతుందో చూపే ఉదాహరణ ఒకటుంది. 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం. ఓజోన్ పొరను తినేసే రసాయనాలను ఆపాలని. ఏ రసాయనం ఏ ఏడాదికి ఎంత తగ్గాలో అందులో రాశారు. వర్ధమాన దేశాలకు అదనంగా పదేళ్ల వెసులుబాటు ఇచ్చారు. అక్కడి ఫ్యాక్టరీలు కొత్త పద్ధతికి మారే ఖర్చు కోసం ఒక నిధి పెట్టారు. ఇప్పటికి ఆ రసాయనాల్లో 98 శాతానికి పైగా ఆగిపోయాయి. ప్రపంచంలో ఎక్కువ భాగం మీద 2040 ప్రాంతానికి, అంటార్కిటికా మీద 2066 ప్రాంతానికి ఓజోన్ పొర 1980 నాటి స్థితికి వస్తుందని శాస్త్రవేత్తల అంచనా. కోస్టారికాలో కూడా ఇలాంటిదే చిన్న ఎత్తున జరిగింది. 1980లలో అడవి దేశంలో పావు వంతు దాకా పడిపోయింది. 1997 నుంచి అడవిని కాపాడే రైతులకు ఇంధన పన్ను సొమ్ములోంచి డబ్బు చెల్లిస్తున్నారు. ఇప్పుడు సగానికి పైగా అడవి ఉంది. పశుమాంసం ధరలు తగ్గడం లాంటి వేరే కారణాలు కూడా కలిసొచ్చాయి, అదంతా ఆ ఒక్క పథకం ఘనత అనను. కానీ అడవిని నిలబెట్టిన మనిషికి ఆదాయం చూపించారు. అది ముఖ్యం.

మెరుగైనవాటిని కూడా మరిచిపోకండి. 1990లో ప్రపంచంలో ఐదేళ్లు నిండకముందే చనిపోయిన పిల్లలు 1.2 కోట్లకు పైనే. 2022లో ఆ సంఖ్య తొలిసారి 50 లక్షల లోపుకు వచ్చింది. ఇది ఏ అద్భుతం వల్లా కాదు. టీకాలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, దోమతెరలు, శుభ్రమైన నీళ్లు, చదువుకున్న తల్లులు. ఇవన్నీ ఎవరో ఒకరు లెక్క రాసుకుని, ఎక్కడ లేవో చూసి, అక్కడికి చేర్చినవే.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. అంకెలు చూసేటప్పుడు కొలబద్ద మారిందేమో చూసుకోండి. తీవ్ర పేదరికానికి సంబంధించిన 1.1 టార్గెట్‌లో రోజుకు 1.25 డాలర్లు అని రాసి ఉంటుంది. ఆ గీత తర్వాత 1.90, 2.15 అయింది. 2025 జూన్ నుంచి 3 డాలర్లు. గీత మారిన ఏడాది పేదల సంఖ్య పెరిగినట్టు కనిపిస్తే ప్రపంచం ఒక్క రాత్రిలో చితికిపోయిందని కంగారుపడి రాయకండి. పాత గీతతో వచ్చిన అంకెను, కొత్త గీతతో వచ్చిన అంకెను పక్కపక్కన పెట్టి పోల్చడం నివేదికల్లో నేను ఎక్కువగా చూసే తప్పు.

ఇంకో మాట, నా దృష్టిలో ఈ లక్ష్యాల్లో అన్నిటికంటే విలువైనది. ఎవరినీ వెనక వదలొద్దు అనే నియమం. వినడానికి నినాదంలా ఉంటుంది. కానీ దాని పని చాలా గట్టిది. పాత లక్ష్యాల్లో టార్గెట్ సగానికి తగ్గించాలనో, మూడింట రెండు వంతులు తగ్గించాలనో ఉండేది. అలా ఉన్నప్పుడు ఏ కార్యక్రమమైనా తేలికగా అందేవాళ్లను ముందు అందుకుంటుంది. రోడ్డు పక్క ఊళ్లు, చదువున్న కుటుంబాలు. సగం పూర్తవుతుంది, టార్గెట్ నెరవేరుతుంది, కష్టమైన సగం మిగిలిపోతుంది. కొత్త లక్ష్యాల్లో చాలాచోట్ల అందరికీ, పూర్తిగా అనే మాటలు ఉన్నాయి. దాంతో చివరి ఇల్లు కూడా లెక్కలోకి వచ్చింది.

ఒక కుళాయిల పథకాన్ని చూడటానికి వెళ్లాను. దాదాపు అన్ని ఇళ్లకూ నీళ్లు వస్తున్నాయి, పథకం విజయవంతమైందని పేరు. రానివి ఎక్కడున్నాయో చూపించమన్నాను. పైపు చివర, ఎత్తు మీద, రాతి నేల మీద కొన్ని ఇళ్లు. ఒత్తిడి చాలక అక్కడికి నీళ్లు ఎక్కవు. అక్కడ ఉండేది ఊళ్లో అందరికంటే పేదవాళ్లు, మంచి స్థలం దొరక్క అక్కడ ఇళ్లు వేసుకున్నవాళ్లు. ఇంకో చిన్న ట్యాంకు, ఒక బూస్టర్ పంపు పెడితే సరిపోతుంది. కానీ ఒక్కో ఇంటికి పడే ఖర్చు మిగతా ఇళ్ల కంటే ఎన్నో రెట్లు. సగటు లెక్కల్లో ఆ ఇళ్లు కనిపించవు. విడివిడిగా ఆదాయం, ఆడ మగ, వయసు, వైకల్యం, ప్రాంతం వారీగా లెక్కలు ఉండాలని 17.18 టార్గెట్ చెబుతుంది. పొడి పొడి గణాంకాల టార్గెట్‌లా కనిపిస్తుంది గానీ ఆ ఎత్తు మీది ఇళ్లకు నీళ్లు తెచ్చే వాదన అక్కడి నుంచే మొదలవుతుంది. మేము ఆ వాదనతోనే బూస్టర్ పంపుకి డబ్బు అడిగాం, వచ్చింది కూడా.

మీరు చేయగలిగింది ఇక చెబుతాను. వచ్చే నివేదికలో చదరాలు తీసేయమని మొదటి రోజే పోరాడకండి. కొత్తగా చేరినవాళ్ల మాట అంత తేలిగ్గా చెల్లదు, అనవసరంగా టెన్షన్ పడతారు. చదరం కింద టార్గెట్ నంబరు రాయండి చాలు. ఆ నంబరు రాయాలంటే దాన్ని చదవాలి. చదివితే మీ పనికి, దానికి సంబంధం ఉందో లేదో తెలిసిపోతుంది. నాలుగైదు చదరాల్లో రెండు వాటంతట అవే రాలిపోతాయి. మిగిలిన వాటికి సూచిక ఏమిటో చూడండి, మీ దగ్గరున్న లెక్క దానికి సరిపోతుందో లేదో చూడండి. సరిపోకపోతే సరిపోలేదని రాయండి. చూసే కన్నున్న దాతలు ఆ వాక్యాన్ని తప్పుగా అనుకోరు, నా అనుభవంలో దాని తర్వాతే సంభాషణ మొదలవుతుంది.

ఆ తర్వాత ఒక పేరా కేటాయించి మైనస్ రాయండి. మీ పని వల్ల ఏ టార్గెట్ దెబ్బ తినే వీలుంది, ఎవరి మీద పడుతుంది, దానికి ఏం కాపుదల పెట్టారు. ఈ పేరా ఉన్న నివేదికలు నేను ఇరవై ఏళ్లలో చాలా తక్కువ చూశాను.

చివరగా, ప్రాజెక్టు ముగిసిన రెండేళ్లకు, ఎండాకాలం నడిమధ్యలో ఒకసారి వెళ్లి చూడటానికి బడ్జెట్‌లో ఇప్పుడే ఒక పద్దు పెట్టించండి. పని పూర్తయ్యాక అడిగితే ఎవరూ ఇవ్వరు. మీది నీళ్ల ప్రాజెక్టా, సాగా, పొయ్యిలా, ఏదో రాస్తే దానికి ఏ టార్గెట్లు, ఏ సూచికలు చూడాలో విడిగా చెబుతాను.